ఉపాధ్యాయినియు సేనానియు: ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’ కథాపరిశీలనము

ఆకాశనౌకలు, యంత్రమనుష్యులు, గ్రహాంతరసమరములు అనినంతనే అవి బాలుర వినోదమునకై కల్పింపబడినవని పెద్దలు పలువురు తలంతురు. మేమును మొదట అట్లే తలంచితిమి. కాని 2003 డిసెంబరులో అమెరికాలో ఆరంభమై 2009 మార్చి వఱకు సాగిన ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’ యను టెలివిజన్ ధారావాహికను ఆమూలాగ్రముగా చూచిన పిమ్మట మా యభిప్రాయము మాఱినది. నౌకలును యంత్రములును అందు నేపథ్యమాత్రములు. ప్రాణములు అఱచేత పట్టుకొని పాఱిపోవుచున్న చిన్న జనసమూహము ఆ పరుగులోనే శాసనమును, ఎన్నికలను, న్యాయస్థానమును నిలుపుకొనగలదా? ఇదియే అందలి ప్రశ్న. ఆ ప్రశ్నను మేము ముఖ్యముగా మువ్వురి జీవితముల మూలమున విచారింపబూనితిమి: ఒక ఉపాధ్యాయిని, ఒక సేనాని, లెక్కలు సరిచూచు ఒక చిన్న ఉద్యోగి.

కథ తెలియనివారికై కొంచెము చెప్పవలసియున్నది. పండ్రెండు లోకములందు వసించు మానవులు తమ చాకిరికై సైలన్లను యంత్రములను నిర్మించిరి. అవి తిరుగబడి యుద్ధము చేసి, తుదకు సంధికి ఒడంబడి, ఎచ్చటికో తొలగిపోయెను. నలుబదియేండ్ల పిమ్మట వానిలో కొన్ని మనుష్యరూపము దాల్చి మరలివచ్చి, అణ్వస్త్రములచే ఆ లోకములనెల్ల భస్మము గావించెను. ఆనాడే గెలాక్టికా యను ముదుసలి యుద్ధనౌకను కొలువునుండి తొలగించి ప్రదర్శనశాలగా మార్చు ఉత్సవము జరుగుచుండెను. ఆ నౌకకు అధిపతి విలియమ్ అడామా. ఆ ఉత్సవమునకు ప్రభుత్వము పక్షమున వచ్చినది విద్యాశాఖామంత్రిణియగు లారా రోజ్లిన్. పూర్వము బడిలో పాఠములు చెప్పినది. రొమ్మున క్యాన్సరు వ్యాధి కలదని వైద్యుడు ఆమెకు చెప్పినదియు ఆనాడే. తనకు పైనున్నవారందఱును మడిసిరని తెలియగా, వారసత్వక్రమమున 43వ స్థానమందున్న ఆ మంత్రిణి ఒక ప్రయాణికనౌకలో నిలిచి అధ్యక్షురాలిగా ప్రమాణము చేసెను.

వారిద్దఱకును ప్రథమసంభాషణముననే పొసగలేదు. వెనుదిరిగి యుద్ధము చేయవలెనని సేనాని పట్టు. యుద్ధము ముగిసినది, మనము ఓడితిమి, ఇక మిగిలినవారిని దాటించి సంతానము వృద్ధి చేసికొనుటయే కర్తవ్యమని ఉపాధ్యాయిని వాదము. సేనాని తుదకు ఒప్పుకొనెను. నిరాశలో మునిగిన జనులకు ధైర్యము కలిగించుటకై అతడు ‘భూమి’ యను పురాణలోకమునకు దారి తనకు తెలియునని సభలో ఒక అబద్ధమాడెను. ఆమె దానిని వెంటనే కనిపెట్టెను, కనిపెట్టియు బయటపెట్టలేదు. సైన్యవ్యవహారములు అతనివి, ప్రజాపాలనము ఆమెది అను ఒడంబడిక ఆ రహస్యముమీదనే కుదిరెను. పునాదిలోనే అసత్యము గల ఈ రాజ్యమును కథకులు ఏమియు దాపక చూపిరి.

రోజ్లిన్ తన గదిలో ఒక తెల్లని పలకపై బ్రతికియున్నవారి సంఖ్యను వ్రాసియుంచును. ధారావాహికయొక్క తొలి భాగమున అది 50,298. ఆ భాగము ముగియునప్పటికి 47,973. ఈ రెండవ సంఖ్యలోని తుది ‘ఒకటి’ ఆనాడు ఒక నౌకలో పుట్టిన మగశిశువు. ఆమె ఆ యంకెను స్వహస్తముతో దిద్దెను. బడిపంతులమ్మ హాజరుపట్టీ చూచునట్లు ఆమె ఆ పలకను చూచుచుండును. ఆమె చేసిన మంచియు చెడ్డయు, రెండును, ఆ పలకనుండియే పుట్టినవని మా తలంపు. తాను పూర్వము సమర్థించిన స్త్రీల హక్కును సయితము కాదని, గర్భవిచ్ఛేదమును ఆమె నిషేధించినది ఆ సంఖ్యను చూచియే.

మొదటి పెద్ద సంక్షోభము మతవిషయమున కలిగెను. పురాతనగ్రంథములు భూమికి త్రోవ చూపునని నమ్మిన రోజ్లిన్, కారా త్రేస్ యను విమానచోదకురాలిని సేనాని యాజ్ఞకు విరుద్ధముగా ఒక పవిత్రవస్తువునకై పంపెను. కారా అడామాకు కూతురివంటిది. మరణించిన అతని చిన్నకుమారునికి వధువు కావలసినది. ప్రేమచే ఆ చిన్నవానిని పరీక్షలో అన్యాయముగా ఉత్తీర్ణుని చేసి, అతని మరణమునకు తానే కారణమైతినని కుములునది. అట్టి కారాను తననుండి విడదీసినదని సేనానికి కోపము. ఆ కోపముతో అతడు అధ్యక్షురాలిని బంధింప సైనికులను పంపెను. వారిలో నొకడగు పెద్దకుమారుడు లీ, పట్టుకొనవలసిన చోటనే తండ్రి ప్రాణస్నేహితుడగు కర్నల్ టై తలకు తుపాకి గుఱిపెట్టెను. ప్రజలెన్నుకొన్న సభను సైన్యము కూలద్రోయరాదని అతని నిశ్చయము. నెత్తురు చిందునని భయపడి రోజ్లిన్ తానే లొంగిపోయెను. లీ చేసినది రాజద్రోహమా, రాజరక్షణమా? తండ్రిపై చిరకాలముగా నున్న కినుక లేకున్నచో అతడట్లు చేసియుండునా? రెండవ ప్రశ్నకు అతనికే ఉత్తరము తెలిసియుండదనుకొందుము.

ఈ పేరుతోనే 1978లో గ్లెన్ లార్సన్ ఒక ధారావాహికను నిర్మించెను. అది ఒక్క సంవత్సరమే సాగినది. రోనాల్డ్ మూర్ దానిని తిరుగవ్రాయుచు సేనానికెదుట సమానబలముగల ఉపాధ్యాయినిని నిలుపుటయే అన్ని మార్పులలోను మేలైనదని మేము తలంతుము. మొదటి కథలో నాయకుని కుమారుని పాత్ర ధరించిన రిచర్డ్ హ్యాచ్, క్రొత్తదానిలో ఖైదునుండి వెలువడి రాజకీయములలో ప్రవేశించిన టామ్ జారెక్ అను తిరుగుబాటుదారుడయ్యెను. ప్రాతకథ నెఱిగినవారికి ఇది ఒక చమత్కారము.

ఇక ఎన్నికల ఘట్టము. ఈ వ్యాసమునకు ప్రేరకము ఇదియే.

రోజ్లిన్‌కు ప్రతిపక్షి గయస్ బాల్టార్, మహామేధావి, స్వార్థపరుడు. మానవలోకములు నశించుటకు దారి తీసిన రక్షణరహస్యములను ఒక స్త్రీ మోహమున పడి సైలన్ల పాలుచేసినవాడు. ఆ సంగతి ఎవరికిని తెలియదు. రోజ్లిన్ మాత్రము ప్రళయమునకు ముందు అతనిని ఆ స్త్రీతో చూచిన జ్ఞాపకమును కలిగియుండెను. కాని జ్ఞాపకము సాక్ష్యము కాదు. అప్పుడే ఒక మంచుగాలుల గ్రహము కనబడెను. అచ్చట దిగి ఇండ్లు కట్టుకొందమని బాల్టార్ చెప్పెను. నౌకలలో మ్రగ్గి విసిగిన ప్రజ అతనివైపు మొగ్గెను. సైలన్లు వెదకికొని వత్తురు, దిగరాదని రోజ్లిన్ చెప్పినది ఎవరి చెవికిని ఎక్కలేదు. ఓటమి తప్పదని తోచగా ఆమె అనుచరులు ఓట్లను మార్చి ఆమెను గెలిపించిరి. ఆమెకు అది తెలియును.

ఆ తేడాను పట్టుకొన్నవాడు గెలాక్టికాలోని లెఫ్టినెంటు ఫెలిక్స్ గేటా. ఎవరికిని వెఱవక, ఎవరి మెప్పును కోరక, లెక్క తప్పినదని పైవారికి తెలిపెను. అడామా ఏకాంతమున రోజ్లిన్‌ను ప్రశ్నింపగా ఆమె కాదనలేదు. బాల్టార్ గెలిచినచో కలుగు వినాశమును వివరించెను. అతడును బాల్టార్‌ను మెచ్చినవాడు కాడు. అయినను ప్రజలు కోరుకొన్నది ప్రజలకు చెందవలెననియు, ఈ దొంగతనమును ఆమె మనస్సు మోయలేదనియు చెప్పెను. గెలిచిన పదవిని ఆమె విడిచిపెట్టెను.

తరువాత జరిగినదేమి? ఆమె చెప్పినట్లే జరిగెను. బాల్టార్ తన యొద్దనుండిన ఒక అణుబాంబును పూర్వమే మఱియొక సైలన్ స్త్రీకి రహస్యముగా ఇచ్చియుండెను; అతడు పదవినెక్కిన దినముననే ఆమె దానిని ప్రేల్చి ఒక నౌకను నాశనము చేసెను. ఆ విస్ఫోటమునుండి వెడలిన కిరణములు సంవత్సరమునకు పైగా ప్రయాణము చేసి సైలన్ల కంటబడెను. (కాంతివేగమునుగూర్చి చదివిన విద్యార్థులు ఇచ్చట కథకుల నేర్పును గమనింతురుగాక.) వారు వచ్చి ఆ వలసను ఆక్రమించిరి.

అడామా సలహా సరియైనదా? దీనినిగూర్చి మాలో మాకే పొత్తు కుదరలేదు. ఆ దొంగ ఓట్లు నిలిచియున్నచో అన్ని ప్రాణములు పోయియుండవని కొందఱు వాదించిరి. ఆ వాదమును తేలికగా త్రోసివేయరాదు, ఏలయన కథయే దానికి సాక్ష్యమిచ్చుచున్నది. కాని మేము తుదకు అడామా పక్షముననే నిలిచితిమి. తన జోస్యము ఫలించునని ఎన్నికనాడు రోజ్లిన్ నమ్మినది నిజమే. అట్లే నమ్మినవారెల్లరును ఓట్లు దొంగిలింపవచ్చునన్నచో, ఆ మఱునాడు జారెక్ సయితము అదే హక్కు కోరును.

ఆక్రాంతమైన ఆ గ్రహమున రోజ్లిన్ మరల ఉపాధ్యాయినియై గుడారములో పిల్లలకు చదువు చెప్పెను. ఆమె జీవితమున కొంచెమైన సంతోషము కనబడినది అచ్చటనేయని మాకు తోచినది. ఆక్రమణను ఎదిరించువారు ఆత్మాహుతి బాంబులకు సయితము పాల్పడిరి. ఇది 2006లో, అమెరికా సైన్యము ఇరాకునందున్న కాలమున, అమెరికా ప్రేక్షకులకు చూపబడెను. తమకు ప్రియులైన పాత్రలే ఆ పని చేయుట వారు చూడవలసివచ్చెను. కర్నల్ టై, తన ప్రాణము కాపాడుటకై శత్రువులకు రహస్యము చెప్పిన భార్యను, స్వహస్తముతో విషమిచ్చి చంపెను. ఆ దృశ్యమును గూర్చి ఎక్కువ వ్రాయ మాకు చేయాడదు.

2009 మార్చి 17న న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి భవనమున ఈ ధారావాహికను పురస్కరించుకొని మానవహక్కులు మున్నగు విషయములపై ఒక చర్చ జరిగెను. అడామా పాత్రధారి ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్, రోజ్లిన్ పాత్రధారిణి మేరీ మెక్‌డానెల్ అందు పాల్గొనిరి. వినోదకథకు ఇట్టి ఆదరము అరుదు.

గేటా విషయము ఇంకను మిగిలియున్నది. ఆ గ్రహమున అతడు బాల్టార్ కార్యాలయమున ఉద్యోగియై, రహస్యముగా ఎదిరించువారికి వార్తలు చేరవేసెను. విమోచనము కలిగిన పిమ్మట జారెక్ అనుమతితో ఏర్పడిన ఒక రహస్యసంఘము ద్రోహులను విచారణ లేకయే చంపుచు, అతనిని కూడ మోకాళ్లపై నిలిపెను. వార్తలు పంపినది అతడేయని తుదిక్షణమున తెలియుటచే బ్రతికెను. రోజ్లిన్ మరల అధ్యక్షురాలై అందఱికి క్షమాపణ ప్రకటించెను. కాని క్షమాపణపత్రము గేటా మనస్సును మాన్పలేదు. బాల్టార్ విచారణలో, సైలన్లు తుపాకి గుఱిపెట్టి చేయించిన సంతకమును అతడు తానై చేసెనని గేటా అబద్ధపు సాక్ష్యమిచ్చెను. ఒకనాడు ఓట్లలెక్క తప్పినదని నిలిచినవాడే! అయినను న్యాయాధిపతులైదుగురిలో మువ్వురు బాల్టార్‌ను విడిచిపెట్టిరి. ఆ మువ్వురిలో అడామా ఒకడు. తరువాత గేటా తోటి మానవుడని తలంచినవాని తుపాకిగుండుచే కాలు పోగొట్టుకొనెను. ఆ కాల్చినవాడు సైలన్ అని పిమ్మట తేలెను. తిరుగబడిన సైలన్లలో కొందఱితో అడామా పొత్తు కలుపగా, గేటా ఓర్వలేక జారెక్‌తో చేరి నౌకను స్వాధీనపఱచుకొనెను.

తిరుగుబాటు చేసియు అతడు న్యాయమునే కోరెను. అడామాకు న్యాయవాదిని ఇచ్చి విచారణ జరుపవలెనని పట్టుపట్టెను. ఆ వేళనే జారెక్ తనకు లోబడని ప్రతినిధిసభవారిని కాల్పించెను. ఆ శవములను చూచిననాటినుండి గేటా ముఖము మాఱినది. తుదకు అడామా మరలి వచ్చుచుండగా, ఆయుధములు నిలుపుడని గేటాయే ఆజ్ఞాపించెను.

మరణశిక్షకు ముందు అతనిని చూడవచ్చినవాడు బాల్టార్. ఎవనిపై తాను అసత్యము చెప్పెనో వాడు. ఇద్దఱును కాఫీ త్రాగుచు కూర్చుండిరి. చిన్ననాట తాను గృహనిర్మాణశిల్పి కావలెనని కోరితిననియు, తినుపదార్థముల యాకారమున భోజనశాలల చిత్రములు గీసితిననియు గేటా చెప్పెను. తానెవరో జనులు ఎన్నడైన తెలిసికొందురా యని అతని సందేహము. తనకు తెలియునని బాల్టార్ చెప్పెను. పిమ్మట జారెక్ ప్రక్కన కూర్చుండబెట్టగా, అంతవఱకు తన్ను బాధించుచుండిన కాలి మోడు దురద ఒక్కసారిగా నిలిచినదని గేటా గ్రహించెను. అంతలో సైనికులు తుపాకులెత్తిరి.