మరుగుజ్జు గ్రహాలు: ప్లూటో ఎక్కడ తప్పింది?
2006 ఆగస్టు 24న ప్రేగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం (ఐఏయూ) గ్రహానికి 3 షరతులు పెట్టింది: సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత గురుత్వంతో దాదాపు గోళాకారం పొందాలి, కక్ష్యా పరిసరాల్లో పోటీ వస్తువులు ఉండకూడదు. ప్లూటో తప్పింది మూడోదాంట్లోనే, అందుకే అది మరుగుజ్జు గ్రహం. పరీక్షల్లో ప్రశ్న ఎక్కువగా ఇక్కడే వస్తుంది.

ఐఏయూ గుర్తించిన మరుగుజ్జు గ్రహాలు 5: సెరిస్, ప్లూటో, ఎరిస్, హౌమియా, మకెమకె. సెరిస్ ఒక్కటే కుజ, గురు గ్రహాల మధ్య ఆస్టరాయిడ్ బెల్ట్‌లో ఉంది. మిగతా నాలుగూ నెప్ట్యూన్ అవతల. సెరిస్‌ను కనుగొన్నది పియాజి (1801 జనవరి 1). అక్కడి ఆకేటర్ బిలంలో మెరిసే మచ్చలు ప్రధానంగా సోడియం కార్బొనేట్. వాటిని చూపింది డాన్ అంతరిక్ష నౌక.

ప్లూటో: కనుగొన్నది టాంబా (1930), పరిభ్రమణం 248 ఏళ్లు, ఉపగ్రహాలు 5, వాటిలో పెద్దది కేరన్, దగ్గరగా దాటి వెళ్లిన నౌక న్యూ హొరైజన్స్ (2015 జులై 14).

జాగ్రత్త: వ్యాసంలో ప్లూటో పెద్దది, ద్రవ్యరాశిలో ఎరిస్. ఆప్షన్లలో ఈ రెండింటినే తారుమారు చేస్తారు.