బొమ్మకీ లెక్కకీ మధ్య

హైదరాబాద్‌లో భవనాల కరెంటు లెక్కలు కడుతూనే తల నెరిసింది నాకు. ఇప్పుడు ఆర్కిటెక్టు గీసిన బిమ్ (భవనం సమాచారమంతా ఉండే త్రీడీ) మోడల్‌ని ఏఐ చదివి, భవనం కరెంటు వాడకం లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఎనర్జీప్లస్‌కి కావలసిన ఫైలు తనే రాసిపెడుతోంది. చాలా సంతోషం. అయితే ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి చెప్పాల్సినవి కొన్నున్నాయి.

1. ముందు గదులు మూయండి. గోడ స్లాబు దాకా వెళ్ళకుండా ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగినా, రెండు గోడల మధ్య వెంట్రుకవాసి సందు మిగిలినా, ఆ గది లెక్కలోకి రాకపోవచ్చు. ప్లానులో అది కంటికి ఆనదు. ఏడాదిలోని 8,760 గంటలూ లెక్కకట్టే సిమ్యులేషన్‌కి మాత్రం ప్రతి గోడ అవతలా ఎండ ఉందో, పక్క గది ఉందో తెలియాలి. సందులు వెతికే పని ఏఐకి అప్పగించండి. పూడ్చే ముందు ఆర్కిటెక్టుని అడగండి. షాఫ్టు కోసం కావాలనే వదిలి ఉండొచ్చు.

2. పేర్ల దగ్గర ఆగండి. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మోడల్‌లో గోడ పేరు 'బయటి గోడ 200, కొత్తది' అని ఉంటుంది, ఉష్ణ వాహకత గడి ఖాళీగా ఉంటుంది. ఏఐ ఆ పేరు చూసి దగ్గరగా అనిపించిన సరుకు తగిలిస్తుంది. 200 మిల్లీమీటర్లంటే ఏఏసీ (గాలి బుడగలుండే తేలిక) బ్లాకూ కావచ్చు, సాలిడ్ సిమెంటు బ్లాకూ కావచ్చు. మందం ఒకటే అయినా సిమెంటు బ్లాకు ఎన్నో రెట్లు ఎక్కువ వేడిని లోపలికి పంపుతుంది. అద్దం విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. నీడ లేని చోట, ఉత్తరం కాని దిక్కుల అద్దానికి భవనాల ఇంధన పొదుపు కోడ్ ఈసీబీసీ 2017 మన ఊరికి పెట్టిన ఎస్‌హెచ్‌జీసీ (ఎండ వేడిలో అద్దం లోపలికి వదిలే వంతు) హద్దు 0.27. మామూలు తెల్ల అద్దానిది 0.8 దాకా ఉంటుంది. 'గ్లాస్-1' అన్న పేరులోంచి ఏఐ ఈ రెండిట్లో ఏది తీస్తుందో ఎవరు చెప్పగలరు? పడమటి ముఖమంతా అద్దమే ఉన్న ఆఫీసుకి ఈ ఒక్క అంకె మారితే ఏసీ టన్నులే మారిపోతాయి. అందుకని ఏఐ నింపిన ప్రతి విలువ పక్కనా 'ఊహ' అని గుర్తు పెట్టించండి. కంపెనీ డేటా షీటు చూశాకే ఆ గుర్తు తీయండి.

3. ఐఎఫ్‌సీ అయినా, జీబీఎక్స్‌ఎంఎల్ అయినా, మోడల్ నుంచి సిమ్యులేషన్‌కి పంపే ఫైలు బయటికి తీశాక గదుల విస్తీర్ణం ఒకసారి కూడి, మోడల్‌లో ఉన్నదానితో సరిచూడండి.

4. మనుషుల వేళలు మోడల్‌లో దొరకవు. ఆఫీసు అనగానే పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు అని రాసేస్తుంది ఏఐ. గచ్చిబౌలిలో అమెరికా క్లయింట్ల కోసం తెల్లవార్లూ పనిచేసే అంతస్తులున్నాయి. ఫెసిలిటీ మేనేజర్‌నీ, రాత్రి డ్యూటీ సెక్యూరిటీ గార్డునీ అడిగి రాసుకోండి.

5. వేల సిమ్యులేషన్ల మీద శిక్షణ ఇచ్చిన సరొగేట్ మోడల్ (సిమ్యులేషన్‌కి బదులు వాడే ఏఐ మోడల్) జవాబు చిటికెలో చెబుతుంది. కిటికీ తగ్గిస్తే ఎంత, సన్‌షేడ్ పెంచితే ఎంత అన్నది ఆర్కిటెక్టు ఎదుట కూర్చుని ఉండగానే తేలిపోతుంది. డిజైన్ తొలి రోజుల్లో ఇది నిజంగా వరం. అయితే తను నేర్చుకున్న హద్దు దాటిన భవనానికి కూడా అంతే ధీమాగా అంకె చెబుతుంది. ఖరారు చేసిన డిజైన్‌ని ఎనర్జీప్లస్‌లో నడపాల్సిందే.

6. భవనం కట్టాక మీ లెక్కని కరెంటు బిల్లులతో పోల్చండి. నెలవారీ లెక్కలో మొత్తం తేడా 5 శాతం లోపు ఉండాలంటుంది ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే వారి గైడ్‌లైన్ 14. గాలి చొరబాటు కాస్త పెంచి, ప్లగ్ లోడ్ కాస్త తగ్గించి ఏఐ ఆ తేడాని ఇట్టే చెరిపేయగలదు. బిల్లు సరిపోతుంది, కారణం మాత్రం తప్పుగానే మిగులుతుంది. అందుకే ఏసీకి, లైట్లకి, లిఫ్టులకి వేర్వేరు సబ్‌మీటర్లు కావాలని ఓనరుగారిని మొదటి మీటింగులోనే అడగండి. ప్యానెల్ బోర్డులో చోటు అప్పుడే దొరుకుతుంది.