చౌమహల్లా: పునర్దర్శనం

ఒక గొప్ప కట్టడాన్ని మొదటిసారి చూచినప్పుడు కన్ను దాని వైభవాన్ని గ్రహిస్తుంది. రెండవసారి చూచినప్పుడు ఆ వైభవం దేనిపై నిలిచి ఉన్నదో బుద్ధి గ్రహిస్తుంది. కావ్యపఠనం వంటిదే కట్టడాల దర్శనం కూడా. తొలి పఠనంలో కథ ఆకర్షిస్తే, మలి పఠనంలో కవి నేర్పు బోధపడుతుంది. హైదరాబాదులో చార్మినారుకు సమీపాన ఉన్న చౌమహల్లా ప్రాసాదం ఈ మాటకు చక్కని ఉదాహరణ.

'చౌ' అనగా నాలుగు; 'మహల్' అనగా భవనం. అసఫ్‌జాహీ వంశీయుడైన సలాబత్ జంగ్ కాలంలో, 1750 ప్రాంతంలో దీని నిర్మాణం మొదలైంది. ఐదవ అసఫ్‌జా అఫ్జలుద్దౌలా పాలనాకాలంలో (1857-1869) పూర్తయింది. నూరేళ్ళకు పైబడిన నిర్మాణం కావడంతో ఒకే కాలపు అభిరుచి ఇందులో కనిపించదు. ఉత్తర ప్రాంగణంలో మొగలాయీ కమానులు, గుమ్మటాలు ఉన్నాయి. దక్షిణ ప్రాంగణంలో అఫ్జల్ మహల్, మెహతాబ్ మహల్, తహనియత్ మహల్, అఫ్తాబ్ మహల్ అనే నాలుగు భవనాలు ఐరోపా రీతి స్తంభాలతో, సమతూకంతో నిలిచి ఉన్నాయి.

మంచిర్యాల జిల్లాలోని జైపూర్ బొగ్గు గనుల ప్రాంతం. అక్కడి నుంచి ఒక కార్మిక కుటుంబం ఈ ప్రాసాదాన్ని రెండవసారి చూడవచ్చిందని అనుకొందాం. తండ్రి భూగర్భ గనిలో పనిచేసేవాడు. కుమార్తె ఇంటర్మీడియట్ విద్యార్థిని. వారితో తల్లి, నానమ్మ, తమ్ముడు ఉన్నారు. తొలిసారి వచ్చినప్పుడు వారు దీపగుచ్ఛాలను, పాత మోటారుకార్లను చూచి, ఛాయాచిత్రాలు తీసుకొని, సాయంత్రపు రైలుకు తిరిగి వెళ్ళారు. ఈసారి తొందర లేదు.

దర్బారు మందిరమైన ఖిల్వత్ ముబారక్‌లో అడుగుపెట్టగానే చూపు పైకి పోతుంది. బెల్జియం స్ఫటికంతో చేసిన 19 దీపగుచ్ఛాలు అక్కడ వేలాడుతుంటాయి. వాటి కింద 'తఖ్తే నిషాన్' అనే పాలరాతి వేదిక ఉన్నది. నిజాముల సింహాసనానికి అదే పీఠం. గోడలపై, కమానులపై గచ్చుతో తీర్చిన లతలు, పూలు అల్లుకొని ఉంటాయి.

ఈ అలంకరణను చూచిన కుమార్తెకు ఐరోపాలోని బరోక్ వాస్తురీతి గుర్తుకు వచ్చింది. పదిహేడవ శతాబ్దంలో రోము నగరంలో బెర్నినీ వంటి శిల్పుల చేతిలో వర్ధిల్లిన రీతి అది. వంపులు తిరిగిన గోడలు, వెలుగునీడల ఆట, చూపరిని ఒక్కసారిగా ముంచెత్తే అలంకరణ దాని లక్షణాలు. ఫ్రాన్సులోని వెర్సాయి ప్రాసాదంలో 1684లో పూర్తయిన అద్దాల మందిరం అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. చౌమహల్లాను బరోక్ భవనమనడం శాస్త్రసమ్మతం కాదు. కానీ కాంతిని, అలంకారాన్ని రాజవైభవ ప్రదర్శనకు సాధనాలుగా వాడుకొనడంలో ఈ రెండింటికీ పోలిక ఉన్నది.

తండ్రి చూపు మాత్రం కమానులపై నిలిచింది. "పూలు తర్వాత చూద్దువు బిడ్డా, ముందు బరువు ఎక్కడ దిగుతున్నదో చూడు" అన్నాడతడు. అది అతడి వృత్తి నేర్పిన చూపు. భూగర్భ గనిలో బొగ్గునంతా ఒకేసారి తవ్వి తీయరు; కప్పు కూలకుండా నడుమ నడుమ బొగ్గు స్తంభాలను విడిచిపెడతారు. అనుభవం గల కార్మికుడు కప్పును తట్టి, ఆ ధ్వనిని బట్టి అపాయాన్ని పసిగడతాడు. కమానులోని కిటుకు వేరు. అందులోని ప్రతి రాయీ తన మీది భారాన్ని పక్క రాతికి అందిస్తుంది. చివరకు ఆ భారం రెండు వైపుల స్తంభాల గుండా నేలకు చేరుతుంది. కాబట్టి నడుమ ఆధారం లేకున్నా కమాను నిలబడుతుంది. కింద బొగ్గును మోసినా, పైన రాతిని మోసినా బరువు తన దారిని తాను వెదకుకొంటుంది. ఆ దారిని ముందుగా ఊహించగలవాడే నిర్మాత.

గోడల నునుపును చూచి నానమ్మ తన చిన్ననాటి డంగుసున్నాన్ని తలచుకొన్నది. గుండ్రని రాతితొట్టిలో ఎద్దులు రాతిచక్రాన్ని తిప్పుతుండగా సున్నం, ఇసుక కలిసి మెత్తగా నూరుకొనేవి. బెల్లపు నీరు, కరక్కాయ కషాయం కలపడం దక్కను ప్రాంతపు సంప్రదాయం. సున్నపు పూత గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు పూత ఆ తేమను లోపలే బంధించి గోడను క్రమంగా గుల్ల చేస్తుంది. అందువల్లనే పాత కట్టడాల పునరుద్ధరణలో నిపుణులు తిరిగి సున్నాన్నే ఆశ్రయిస్తారు. నానమ్మ జ్ఞాపకం అనిపించినది నిజానికి శాస్త్రమే.

ఇంతటి ప్రాసాదమూ ఒక దశలో శిథిలావస్థకు చేరింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీలో నివసించాడు. చౌమహల్లా ఉత్సవాలకు, దర్బారులకు పరిమితమైంది. 1967లో ఆయన మరణించిన తరువాత భవనాల ఆలనాపాలనా కుంటుపడింది. ఒకప్పుడు 45 ఎకరాలలో విస్తరించిన ఆవరణలో నేటికి మిగిలినది సుమారు 12 ఎకరాలు మాత్రమే. ఎనిమిదవ అసఫ్‌జాగా గుర్తింపు పొందిన ముకర్రం జా మాజీ భార్య ఎస్రా చొరవతో పునరుద్ధరణ సాగింది. వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా అందులో పాలుపంచుకొన్నారు. 2005లో ప్రజలకు ప్రవేశం లభించింది. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో దీనికి గుర్తింపు దక్కింది.

ఈ చరిత్రకు బొగ్గు సీమతో సంబంధం లేకపోలేదు. ప్రాసాదం పూర్తయిన కొద్దికాలానికే, 1871లో, భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో ఆ సంస్థకు సింగరేణి పేరు వచ్చింది. ఒకే రాజ్యంలో నేలపై ఒక శ్రమ, నేల కింద మరొక శ్రమ. మొదటిదానిని చూడడానికి జనం టిక్కెట్టు కొని వస్తారు. రెండవది ఎవరి కంటికీ కనబడదు. జైపూర్‌లోని 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రం 2016లో ఉత్పత్తి ప్రారంభించింది. చీకటిలో తవ్విన బొగ్గు అక్కడ వెలుగుగా మారి ప్రవహిస్తుంది.

చౌమహల్లాను కట్టించిన ప్రభువుల పేర్లను చరిత్ర భద్రపరచింది. సున్నం నూరినవారి పేర్లు, కమాను రాళ్ళు పేర్చినవారి పేర్లు ఎక్కడా కనిపించవు. అయితే ఆ రాయి జారకుండా నిలవడమే వారి సంతకం. ఆ సంతకాన్ని చదవడం నేర్చినవారికి ప్రాసాదం రాజుల ఆస్తిగా మాత్రమే కనిపించదు. అజ్ఞాత హస్తాల కృతిగానూ కనిపిస్తుంది. వారసత్వాన్ని కాపాడడమంటే గోడలకు రంగు వేయడం ఒక్కటే కాదు. గోడ వెనుక ఉన్న విద్యను, శ్రమను గుర్తించి గౌరవించడం. ఆ గౌరవం ఉన్నచోట కట్టడాలు శిథిలం కావు. శిథిలమైనవి సైతం మళ్ళీ లేచి నిలుస్తాయి.