ఎన్ని వరుసలని అడిగే ముందు

వెబ్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను మళ్లీ మళ్లీ చెప్పే మాటలివి.

1. లెక్క డేటాబేస్‌నే పెట్టమనండి. ఎన్ని ఆర్డర్లున్నాయో తెలియడానికి ఆర్డర్లన్నీ తెప్పించుకుని పీహెచ్‌పీలో లెక్కపెట్టే కోడ్ ఇప్పటికీ కనిపిస్తోంది. కౌంట్(*) అని అడిగితే ఒక్క అంకె వస్తుంది, మెమరీ నిండదు. తెర మీద ఎలాగూ చూపించబోయే ఇరవై వరుసలకైతే వేరే క్వెరీ ఎందుకు? చేతిలో ఉన్న అర్రేని లెక్కపెట్టుకోండి.

2. గ్రూప్ బై లేని కౌంట్(*) క్వెరీ మీద, వచ్చిన వరుసలెన్నో చెప్పే నమ్‌రోస్ పిలిస్తే ఎప్పుడూ 1 వస్తుంది. టేబుల్ ఖాళీగా ఉన్నా 1. జవాబు ఒక వరుసగా వస్తుంది, మనకు కావలసిన అంకె ఆ వరుస లోపల ఉంటుంది. లాగిన్ తనిఖీలో ఈ తప్పు దొర్లిందంటే ఎవరు ఏ పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి వచ్చేస్తారు. కోడ్ సరిచూసేటప్పుడు నేను మొదట వెతికేది దీన్నే.

3. డ్రైవర్ చెప్పే లెక్కను మాన్యువల్ చదివాకే నమ్మండి. పాత ఏఎస్‌పీలో రికార్డ్‌కౌంట్ -1 చూపించి ఎందరినో తికమక పెట్టింది. ముందుకు మాత్రమే కదిలే కర్సర్‌కు చివరిదాకా వెళ్లకుండా మొత్తం ఎంతో తెలియదు, స్టాటిక్ కర్సర్ తెరిస్తే తెలిసేది. మైఎస్‌క్యూఎల్‌ఐలో బఫర్ చేయని క్వెరీదీ ఇదే సంగతి. పీడీవోలో రోకౌంట్ ఇన్‌సర్ట్, అప్‌డేట్, డిలీట్‌ల కోసం ఉంది. సెలెక్ట్‌కు అన్ని డేటాబేసుల్లోనూ పనిచేస్తుందన్న హామీ లేదు.

4. కౌంట్‌లో కాలమ్ పేరు రాస్తే నల్ ఉన్న వరుసలు లెక్కకు రావు. జాయిన్ చేస్తే నాలుగు ఆర్డర్లిచ్చిన కస్టమర్ నలుగురవుతాడు. అక్కడ డిస్టింక్ట్ కావాలి.

5. ఉందా లేదా అన్నదే ప్రశ్నయితే ఎగ్జిస్ట్స్ వాడండి. మొదటి వరుస దొరకగానే వెతుకులాట ఆగిపోతుంది.

6. ఫలితాలను పేజీలుగా విడగొట్టేటప్పుడు మొత్తం లెక్క అడగడానికి తొందరపడకండి. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ మొత్తం వరుసల సంఖ్యను దాచి ఉంచదు. ఒకే క్షణంలో ఒక్కో ట్రాన్సాక్షన్‌కు కనిపించే వరుసలు వేరు కావచ్చు, అందుకే అడిగిన ప్రతిసారీ ఇండెక్స్ వెంట నడిచి లెక్కపెడుతుంది. పెద్ద టేబుల్ మీద అది బరువైన పని. మొత్తం లెక్క కోసం ఎస్‌క్యూఎల్ కాల్క్ ఫౌండ్ రోస్ మీద ఆధారపడకండి, మైఎస్‌క్యూఎల్ 8.0.17 నుంచే దాన్ని వదిలేయమంటున్నారు. పేజీకి ఇరవై చూపించాలంటే 21 అడగండి. ఇరవై ఒకటోది వస్తే 'తర్వాత' బటన్ పెట్టండి, ఆ వరుసను మాత్రం చూపించకండి. మొత్తం సంఖ్య నిజంగా కావాలా అని ఆ తెర గీసినవారిని ఒకసారి అడగండి. 'సుమారుగా చాలు' అంటే, మీది పోస్ట్‌గ్రెస్ అయితే, అది తన కేటలాగ్‌లో ఉంచుకునే అంచనా అంకెతోనే పని గడుస్తుంది.