సందేశం – సమావేశం

ఒకచోట పుట్టిన మాట మరొకచోటికి చేరవలసి వచ్చినప్పుడు మనిషికి రెండు మార్గాలున్నాయి. ఒకటి మాటను పంపడం. రెండవది తానే వెళ్ళడం. నలుని గుణగణాలు దమయంతి చెవిన పడటానికి ఒక హంస చాలింది. కురుపాండవుల సంధి విషయంలో మాత్రం ద్రుపదుని పురోహితుడు వెళ్ళివచ్చినా, సంజయుడు వచ్చివెళ్ళినా పని కాలేదు. చివరకు శ్రీకృష్ణుడే స్వయంగా హస్తినకు కదలవలసి వచ్చింది. ఆ రాయబారమూ ఫలించలేదన్నది వేరే కథ. ఏ పనికి మాట చాలుతుంది, ఏ పనికి మనిషి కావాలి అనే విచికిత్స మాత్రం ఆనాటి నుంచీ ఉన్నదే. హైదరాబాదు పడమటి దిక్కున మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మీదుగా పరచుకొన్న సైబరాబాదులో లక్షలాది ఉద్యోగులకు ఇది నిత్యం ఎదురయ్యే ప్రశ్న. వారి పరిభాషలో మాటను పంపడం 'చాట్'. ముఖాముఖి కూర్చోవడం 'కాల్'.

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. హైటెక్ సిటీకి అది తొలి మెట్టు. ఇక్కడ జరిగే పనికి ఒక విశేషముంది. పని చేసేవారు ఇక్కడ ఉంటారు. చేయించుకొనేవారు తరచుగా సముద్రాల కావల ఉంటారు. అందువల్ల ఇక్కడి వృత్తికి కంప్యూటర్ ఎంత అవసరమో, దూరాన ఉన్నవారితో మాట్లాడే సాధనమూ అంతే అవసరమైంది.

ఆ రోజులలో సందేశానికీ సమావేశానికీ మధ్య అంతరం చాలా పెద్దది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు సచివాలయంలో కూర్చుని 23 జిల్లాల కలెక్టర్లతో తెరమీద సమీక్షలు జరుపుతుంటే పత్రికలు దానిని వింతగా వర్ణించాయి. అందుకు ప్రత్యేకమైన గది, కెమెరా, ప్రభుత్వం వేసుకొన్న సమాచార మార్గాలు కావలసి వచ్చాయి. సామాన్యునికి అది అందని పండు. అమెరికాలో 1964నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలోనే ఏటీ అండ్ టీ సంస్థ 'పిక్చర్‌ఫోన్' పేరుతో బొమ్మ కనిపించే టెలిఫోన్‌ను చూపింది గాని, దాని ఖర్చుకు జడిసి జనం దాని జోలికి పోలేదు. తక్షణ సందేశం మాత్రం తొలినాటి నుంచే పేదవాని సాధనం. 1996లో ఐసీక్యూ, 1998లో యాహూ, 1999లో ఎంఎస్ఎన్ సందేశ కార్యక్రమాలు వెలువడ్డాయి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకొంటున్న యువకులు సాయంత్రాలు ఇంటర్నెట్ కేంద్రంలో గంటకింత చెల్లించి, అప్పటికే విదేశం చేరిన స్నేహితునితో కబుర్లాడేవారు. మాటకింత అని లెక్కగట్టే టెలిగ్రాముకు అలవాటుపడిన దేశంలో ఎన్ని మాటలైనా అదే వెలకు పంపగలగడం సామాన్యమైన విషయం కాదు. ఆ టెలిగ్రాము సేవ 2013 జూలైలో మన దేశంలో ముగిసిపోయింది.

ఈ రెండింటి మధ్య ఖర్చులో ఇంత తేడా ఎందుకు వచ్చింది? ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. యూనికోడ్ పద్ధతిలో, సాధారణంగా అంతర్జాలంలో వాడే రూపంలో, తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్ల స్థలం తీసుకొంటుంది. 'అమ్మ' అనే మాటలో అకారం, మకారం, పొల్లు, మరల మకారం కలిసి నాలుగు సంకేతాలు. వెరసి పన్నెండు బైట్లు. దృశ్య సమావేశంలో మనిషి ముఖం ఓ మోస్తరు స్పష్టంగా కనబడాలంటే సెకనుకు ఒక మెగాబిట్, అనగా లక్షా పాతికవేల బైట్లు ప్రవహించాలనుకొందాం. అమ్మ ముఖాన్ని ఒక్క సెకను చూపే వ్యయంతో 'అమ్మ' అనే మాటను పదివేలసార్లకు పైగా పంపవచ్చును! అయినా తెరమీద అమ్మ ముఖం కోసమే ఎదురుచూసేవారు కోట్లమంది. ఖర్చు ఒక్కటే మనిషి ఎంపికను నిర్ణయించదు.

బైట్ల కంటె ముఖ్యమైన భేదం కాలానికి సంబంధించినది. సందేశానికి ఓపిక ఎక్కువ. అవతలివాని ఫోను ఆపివేసి ఉంటే అది సర్వర్‌లో నిరీక్షిస్తుంది. దారిలో ఒక తునక తప్పిపోతే మరల పంపించుకొని, పూర్తిగా చేరిన తరువాతనే కనిపిస్తుంది. సజీవ దృశ్యానికి ఆ వెసులుబాటు లేదు. తప్పిపోయిన తునక కోసం ఎక్కువసేపు ఆగితే సంభాషణే ఆగిపోతుంది. అందుచేత దృశ్య సమావేశపు సాఫ్ట్‌వేర్ సాధారణంగా పోయినదానిని పోనిచ్చి ముందుకు సాగుతుంది. ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోవడం, గొంతు మధ్యలో తెగిపోవడం అందువల్లనే. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచించింది. హైదరాబాదు నుంచి కాలిఫోర్నియాకు దూరం సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నని దారి ఉన్నా 70 మిల్లీసెకన్లు ప్రయాణానికే సరి. సముద్రగర్భపు తీగలు తిన్నగా పోవు, పైగా మధ్యలో యంత్రాలు తమ వంతు కాలం తీసుకొంటాయి. ఇద్దరూ ఒకేసారి మాట ప్రారంభించి, ఒకేసారి ఆగి, 'మీరు చెప్పండి' అంటే 'మీరే చెప్పండి' అనుకోవడం మర్యాద ఎక్కువై మాత్రమే కాదు.

అంతకు మించిన చిక్కు గడియారంతో ఉంది. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదైతే హైదరాబాదులో వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, శీతకాలంలో రాత్రి పదిన్నర. దృశ్య సమావేశం ఇద్దరి కాలాన్నీ ఒకే క్షణంలో కోరుతుంది. ఎవరో ఒకరు తమ రాత్రిని ఇవ్వక తప్పదు. సాధారణంగా ఇచ్చేది ఇటువైపువారే. పిల్లలు నిద్రపోయే వేళకు తండ్రో, తల్లో తెర ముందు కూర్చుని ఉండటం కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో అరుదైన దృశ్యం కాదు. సందేశం ఈ త్యాగాన్ని కోరదు. రాత్రి వ్రాసినది అక్కడ పగలు చదువుతారు. వారి జవాబు ఇక్కడ తెల్లవారాక అందుతుంది. పది నిమిషాల వివరాన్ని వ్రాయడానికి బద్ధకించి పదిమందిని గంటసేపు కూర్చోబెట్టే అధికారి ఇతరుల కాలాన్ని ఖర్చు చేస్తున్నాడన్న మాట.

అయితే సందేశంలో లోపాలు లేవని కాదు. 'సరే' అనే తెలుగు మాటను తీసుకొందాం. గొంతును బట్టి అది అంగీకారం కావచ్చును, విసుగు కావచ్చును, 'నీ ఇష్టం వచ్చినట్లు చేసుకో' అనే కోపమూ కావచ్చును. తెరమీద రెండక్షరాలుగా కనిపించే 'సరే'లో ఆ కాకువు ఉండదు. 'చూద్దాం' అన్నదీ అటువంటిదే. నవ్వు ముఖాల బొమ్మలు ఆ వెలితిని కొంత పూరిస్తాయి, పూర్తిగా కాదు. తెలుగు సందేశాలకు మరొక దురవస్థ కూడా పట్టింది. తెలుగు మీటలు సులభంగా అందని కాలంలో మనవారు తెలుగును రోమన్ లిపిలో వ్రాయడం అలవాటు చేసుకొన్నారు. అందులో కలమూ కాలమూ ఒక్కటే. పడటమూ పాడటమూ ఒక్కటే. ఫోనులలో తెలుగు లిపి చక్కగా అమరిన తరువాత కూడా ఆ అలవాటు చాలామందిని విడువలేదు. సమావేశంలో మాత్రం హ్రస్వదీర్ఘాలకు ఏ ప్రమాదమూ లేదు!

సందేశాన్ని పాడుచేసే అలవాటు ఇంకొకటి ఉంది. 'హాయ్' అని ఒక్కమాట పంపి, అవతలివారు పలికేదాకా విషయం చెప్పకుండా కాచుకొని ఉండటం. ఎదురుపడినప్పుడు 'భోజనం చేశారా' అని పలకరించి గాని పనిలోకి దిగని మర్యాద మనది. ముఖాముఖికి అది అందమే. కాని సముద్రం అవతలికి పలకరింపును మాత్రమే పంపితే, ఒక రాత్రీ ఒక పగలూ పలకరింపులకే ఖర్చవుతాయి.

ఇక అక్షరమే అడ్డమైనవారి సంగతి. చదవడం రాని తల్లికి కుమారుని సందేశం ఎంత చక్కగా వ్రాసినా ఏమి ప్రయోజనం? పక్కింటి విద్యార్థి వచ్చి చదివిపెట్టాలి. పూర్వం దుబాయి నుంచి వచ్చిన ఉత్తరాలకు కరీంనగర్, నిజామాబాద్ పల్లెలలో ఇదే జరిగేది. తెరమీద ముఖం కనిపించే ఫోను ఆ మధ్యవర్తిని తొలగించింది. చేతుల సంజ్ఞలే భాషగా గల బధిరులకు దృశ్యం లేని ఫోను ఎందుకూ కొరగాదు. దీనికి భిన్నంగా, చూపులేనివారికి ముఖాలు నిండిన తెర కంటె, ఫోను చదివి వినిపించే సందేశమే ఎక్కువ ఉపకారం చేయవచ్చును. న్యాయస్థానాలు ముఖానికే విలువనిచ్చాయి. అమెరికాలో ఉన్న ఒక వైద్యుని సాక్ష్యాన్ని దృశ్య సమావేశం ద్వారా నమోదు చేయవచ్చునని 2003లో మన సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. సాక్షి ఏమన్నాడో కాగితం చెబుతుంది. ఎలా అన్నాడో చూడాలంటే ముఖం కావాలి.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా దేశమంతా ఇళ్ళకు పరిమితమైనప్పుడు హైటెక్ సిటీ అద్దాల భవనాలు ఖాళీ అయ్యాయి. కంప్యూటర్లు ఇళ్ళకు, సొంత ఊళ్ళకు తరలిపోయాయి. 2011లో స్థాపితమైన జూమ్ సంస్థ సమావేశాలలో రోజుకు గరిష్ఠంగా పాల్గొనేవారి లెక్క 2019 డిసెంబరులో కోటి; 2020 ఏప్రిల్‌లో అది 30 కోట్లకు చేరింది. ఒకే మనిషి నాలుగు సమావేశాలలో పాల్గొంటే నాలుగుగా లెక్కించిన సంఖ్య అది. ఆ తాకిడిలో పిలవని పేరంటానికి వచ్చేవారూ బయలుదేరారు. జూమ్ సురక్షితమైన వేదిక కాదని చెబుతూ, వాడేవారు పాటించవలసిన జాగ్రత్తలను ఆ ఏప్రిల్ 16న కేంద్ర హోంశాఖ ప్రకటించింది. పంపినవారు, అందుకొన్నవారు తప్ప నడుమ ఎవరూ చదవలేని గుప్తలిపిని వాట్సాప్ 2016లోనే సందేశాలకు పూర్తిగా అమర్చింది. జూమ్ అటువంటి ఏర్పాటును 2020 అక్టోబరులో ప్రవేశపెట్టింది.

ఒకనాడు వేరువేరుగా ఉన్న ఈ సాధనాలు క్రమంగా ఒకే గూటికి చేరాయి. హైదరాబాదులో పుట్టి బేగంపేటలోని పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ళ సారథ్యంలో మైక్రోసాఫ్ట్ సంస్థ 2017లో విడుదల చేసిన 'టీమ్స్'లో సందేశమూ సమావేశమూ పక్కపక్కనే ఉంటాయి. యాహూ మెసెంజర్ 2018లో మూతపడింది. ఒక తరం ప్రవాసాంధ్రుల తల్లిదండ్రులకు 'స్కైప్‌లోకి రావడం' నేర్పిన స్కైప్ 2025 మేలో సెలవు తీసుకొంది.

ఒకే కిటికీలో రెండు మీటలున్నప్పుడు ఎంపిక మనిషిదే. అనుభవజ్ఞులు ఉన్న బృందాలలో ఒక పద్ధతి కనబడుతుంది. తగవు తెగని విషయానికి, చెడువార్తకు, కొత్తగా చేరినవారి తొలి పరిచయానికి వారు ముఖాముఖి కూర్చుంటారు. లెక్కలు, తేదీలు, పేర్లు మాత్రం వ్రాతలోనే పెడతారు. సమావేశం ముగిసిన వెంటనే ఒకరు, ఏమి నిర్ణయించారో, ఎవరు ఎప్పటికి చేయాలో నాలుగు పంక్తులలో వ్రాసి సందేశంగా ఉంచుతారు. ఆ రాత్రి పిల్లవానికి జ్వరం వచ్చి సమావేశానికి రాలేకపోయిన సహోద్యోగి మరునాడు ఉదయం ఆ నాలుగు పంక్తులు చదువుకొని పని మొదలుపెడతాడు.