ఇంటి నీటి గొట్టములు: రాగియా, ప్లాస్టిక్కా?

ఇల్లు కట్టువారు తలుపులను గురించియు, గచ్చును గురించియు నెలల తరబడి ఆలోచింతురు. గోడలలో దాగియుండు నీటి గొట్టముల విషయము మాత్రము మేస్త్రీ మాటకు వదలివేయుదురు. గోడను పగులగొట్టవలసిన దినము వచ్చినగాని వాని సంగతి జ్ఞప్తికి రాదు. మన కోలారు జిల్లాలో ఆ దినము తొందరగనే వచ్చును. దానికి కారణము మన నీరే.

మనకు ఏడాది పొడుగున పారు నది లేదు. కోలారు బంగారు గనుల పట్టణమునకు పాలారు నదిపైనున్న బేతమంగళ చెరువు నుండి గొట్టముల ద్వారా నీరు తెచ్చిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. నేడు జిల్లాలో పెక్కు ఇండ్లకు గొట్టపు బావియో, ట్యాంకరు బండియో ఆధారము. ఎంతో లోతునుండి వచ్చు ఆ నీటిలో సున్నపు లవణములు మిక్కుటము. సబ్బు నురుగు రాకపోవుటయు, నీరు కాచిన గిన్నెలో తెల్లని గార కట్టుటయు మన తల్లులెల్లరు ఎరిగినదే. ఆ గారయే గొట్టములలోను పేరుకొనును. జింకు పూత వేసిన పాత ఇనుప గొట్టమును కోసి చూచిన, తుప్పును గారయు కలిసి రంధ్రమును ఎంతగా ఇరుకు చేసినవో తెలియగలదు. అందుచేతనే కొత్త ఇండ్లవారు ఇనుమును విడిచి రాగి మేలా, ప్లాస్టిక్కు మేలా అని అడుగుచున్నారు.

రాగిపై మనకు గౌరవ మెక్కువ. రాగి చెంబులోని నీరు మంచిదని పెద్దలు చెప్పుదురు. రాగి కొన్ని సూక్ష్మజీవులను చంపునని శాస్త్రజ్ఞులును పరీక్షించి చూచిరి. అది 1,085 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కరగదు, ఎండకు పెళుసెక్కదు. అయినను ఆ పెద్దలే కళాయి లేని రాగి పాత్రలో పులుసు కాయనీయరు. పులుపు రాగిని కరగించి చిలుము పుట్టించును గదా! గొట్టములోను అంతియే. నీటిలో ఆమ్లగుణము హెచ్చిన కొలది రాగి కొంచెము కొంచెముగా కరగి, కొళాయి క్రింద నీలిపచ్చ మరకగా కనబడును. త్రాగునీటిలో రాగి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణము. మన గొట్టపు బావి నీటికి సాధారణముగా ఈ భయము తక్కువ. అయితే ఆర్.ఓ. యంత్రము నుండి వచ్చు నీరు లవణములు పోయి, కొంత ఆమ్లగుణము కలిగియుండును. ఆ నీటిని రాగి గొట్టములో పారించుట తగదు. రాగిని ఇనుప గొట్టమునకు నేరుగా అతుకుటయు తప్పే; తడిలో రెండు లోహములు కలిసినచోట చిన్న విద్యుద్ఘటము ఏర్పడి, జింకును ఇనుమును తినివేయును. ఇక ధర సంగతి చెప్పనక్కరలేదు. బంగారము అసలే తుప్పు పట్టదు; అంతమాత్రమున మన గనుల బంగారముతో గొట్టములు చేయించినవారు లేరు.

ప్లాస్టిక్కు అన్నది ఒక్క పదార్థము కాదు. చన్నీటి గొట్టములకు వాడునది యు.పి.వి.సి. దాని బరువులో సగమునకు పైగా, 57 శాతము వరకు, ఉప్పు నుండి తీసిన క్లోరినే. దానికి తుప్పు లేదు. లోపల నునుపు గనుక గార అంత సులభముగ పట్టదు. కాని 45 డిగ్రీలకు మించిన వేడి నీటికి అది పనికిరాదు. మరికొంత క్లోరిన్ చేర్చి చేసిన సి.పి.వి.సి. సుమారు 80 డిగ్రీల వరకు ఓర్చుకొనును. మేమెరిగిన యొక ఇంట మిద్దెపై సూర్యరశ్మితో నీరు కాచు పరికరము పెట్టించి, ఖర్చు తగ్గునని చన్నీటి గొట్టమునే దానికి తగిలించిరి. వేసవిలో గొట్టము మెత్తబడి వంగి, అతుకు ఊడి, ఎంతో కష్టపడి కొన్న ట్యాంకరు నీరంతయు మిద్దెపై పారిపోయినది.

విద్యార్థులు ఒక లెక్క చేయవచ్చును. పది మీటర్ల గొట్టము 40 డిగ్రీలు వేడెక్కిన, రాగి సుమారు 7 మిల్లీమీటర్లు సాగును, సి.పి.వి.సి. దాదాపు 26 మిల్లీమీటర్లు, అనగా ఒక అంగుళము సాగును. ఆ అంగుళమునకు చోటు లేనిచో భారమంతయు అతుకులపై పడును. కావున పొడవైన వేడినీటి గొట్టమునకు నడుమ ఒక వంపు పెట్టుమని పనివానికి చెప్పవలెను. అతుకు జిగురును సి.పి.వి.సి.కి తగినదే కావలెను. మిద్దెపై ఎండ తగులుచోట గొట్టమునకు రంగైనను వేయవలెను, కప్పైనను కప్పవలెను.

ఇన్నియు చూచిన మీదట మా యభిప్రాయ మిది. మన జిల్లాలో సామాన్య గృహస్థునకు చన్నీటికి యు.పి.వి.సి., వేడి నీటికి సి.పి.వి.సి. చాలును. ధనమున్నవారు నీరు కాచు పరికరము ప్రక్కన రెండు మూడు మీటర్లు రాగి వేసికొన్న మంచిదే. ఇల్లంతయు రాగి వేయుట మన నీటికి అవసరముగా తోచదు. అయితే రాగియైనను ప్లాస్టిక్కైనను నీటిలోని ఫ్లోరైడును తీయజాలదు. మన జిల్లాలో అనేక గ్రామముల భూగర్భజలమున అది లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటియున్నది. పిల్లల పండ్లపై వచ్చు మచ్చలకు కారణమదే. కాచినను అది పోదు. కనుక రాగికి పెట్టదలచిన సొమ్ము మిగిలిన, మొదట నీటి పరీక్షకు వినియోగింపుడు. త్రాగుటకును వంటకును శుద్ధజల కేంద్రము నుండి క్యానుతో నీరు తెచ్చుకొనుటయో, ఇంట ఆర్.ఓ. యంత్రము పెట్టించుటయో తరువాతి మాట.

పాత ప్లాస్టిక్కు గొట్టములున్నవారికి ఇంకొక్క సంగతి. ఒకప్పుడు వీని తయారీలో సీసపు సమ్మేళనములు కలుపుట వాడుక. వానిని అరికట్టుటకు భారత ప్రభుత్వము 2021లో నియమములు ప్రకటించినది. అంతకు పూర్వపు గొట్టములున్న ఇంట, రాత్రియంతయు గొట్టములో నిలిచిన నీటిని ఉదయము త్రాగుటకు పట్టరాదు. మొదటి బిందెడు నీరు విడిగా పట్టి పూలమొక్కలకు పోయవచ్చును.