సగంలో ఆగిన యాప్‌లు వృథాయేనా?

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూనే గోండి నిఘంటువు యాప్ మొదలుపెట్టాను. అంతకుముందు మొదలుపెట్టినవాటిలాగే ఇదీ సగంలో ఆగింది. వీటి మీద పెట్టిన శ్రమంతా వృథాయేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వృథా కాదు, కానీ ఆగిన పనిలో ఇతరులకు పనికొచ్చే భాగం విడిగా ఉండాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రూపొందించే గ్నూ బృందం 1990లో తలపెట్టిన హర్డ్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం కేంద్రభాగం) ఇప్పటికీ 1.0 వెర్షన్‌కు చేరలేదు. అయినా ఆ బృందం విడిగా పూర్తిచేసిన కంపైలర్, ఇతర పనిముట్లు 1991లో మొదలైన మరో కెర్నల్ లినక్స్‌కు ఆధారమయ్యాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల లిపినే తీసుకోండి. 2018లో కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్ 11.0 వెర్షన్ దానికి 63 సంకేతాలు కేటాయించింది. ఫాంటు, కీబోర్డు, నిఘంటువు వేరే పనులు. వాటిని వేరేవాళ్లు చేయవచ్చు. మీరు అన్నీ ఒకే యాప్‌లో కలిపితే ఒక్కటి ఆగినా అన్నీ ఆగుతాయి.

ముక్కలు చేస్తే యాప్ ఎప్పటికీ పూర్తికాదని మీకు అనిపించవచ్చు. కావచ్చు. కానీ గోండి మాట్లాడేవారు సరిచూసిన చిన్న పదజాబితా, యాప్ లేకపోయినా బడికి, పరిశోధకుడికి ఉపయోగమే. కాబట్టి ముందు ఆ జాబితా పూర్తిచేయండి. ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో ఒక పేజీలో రాయండి. పదాలు చెప్పినవారి అనుమతితో, స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ అందించండి.